ఈల తీసే మునిశేఖర్

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన పాత కార్లకు పాటల సెట్లు బిగించే మునిశేఖర్‌కు పెద్ద చదువు లేదు, పొలం పుట్రా లేదు, పది మందిలో మాట చెల్లించుకునే పలుకుబడీ లేదు. ఉన్నదల్లా చెవి. ఆ చెవితోనే ముప్పై ఏళ్లు బతికాడు. అదే చెవి ఆయన్ని ఎలా ముంచిందో చెప్పాలంటే ముందు ఈల సంగతి చెప్పాలి.

పాత బండిలో కంపెనీ వాళ్లు పెట్టిన రేడియో పీకేసి కొత్త సెట్టు పెట్టామనుకోండి. బండి ఆగి ఉన్నంతసేపూ పాట శుభ్రంగా వస్తుంది. ఇంజను వేయగానే పాట అడుగున సన్నగా ఒక ఈల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఎర్తు సరిగ్గా తగలకపోయినా, కరెంటు వైరూ పాట వైరూ పక్కపక్కనే పారినా వచ్చే జబ్బు ఇది. చాలామంది మెకానిక్కులు దీన్ని వెతికే ఓపిక లేక "సౌండు పెంచుకోండి, వినపడదు" అని పంపించేస్తారు. నొప్పి అంటే నిద్రమాత్ర ఇచ్చినట్టు.

మునిశేఖర్ అలా పంపే రకం కాదు. బండి వెనక సీట్లో కూర్చుని కళ్లు మూసుకునేవాడు. డ్రైవరును యాక్సిలరేటర్ తొక్కమనేవాడు. రెండు నిమిషాలు విని, "ఎడమ పక్కన, కాళ్ల కింద. ఎర్తు వైరును రంగు మీదనే బిగించినారు, తిక్కనాయాళ్లు" అనేవాడు. అక్కడ మ్యాటు ఎత్తి చూస్తే సరిగ్గా అలాగే ఉండేది. రంగు గీకి, ఇనుము తెల్లగా కనపడేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించేవాడు. ఈల పోయేది. టాక్సీ వాళ్లు ఆయన్ని ఈల శేఖర్ అనే పిలిచేవాళ్లు.

అప్పగింతకు ఒక పద్ధతి ఉండేది. బండి యజమాని స్టీరింగు ముందు, తాను వెనక సీట్లో. పాట ఆపించి, సెట్టు మాత్రం వెలుగుతూ ఉండగా, ఇంజను మూడుసార్లు గట్టిగా తొక్కించేవాడు. చెయ్యెత్తి, "విను సామీ. ఏమన్నా ఉండాదా? ల్యా" అనేవాడు. ఆ తరువాతే ముందు చక్రం కింద నిమ్మకాయ. ఎప్పుడైనా ఈల వినపడితే కొత్త సెట్టు తాను వెనక్కి తీసుకుని, పాత రేడియోను మళ్లీ బిగించి ఇస్తానని మాట. అందుకే కంపెనీ రేడియో వెనక వైర్లన్నీ కలిసే ప్లగ్గు, ఆ కప్లరును ఎన్నడూ కోయలేదు. తక్కినవాళ్లు కత్తెరతో కరక్కున కోసి, వైర్లు మెలేసి, టేపు చుట్టేస్తారు. ఈయన మాత్రం దానికి సరిపోయే ఎదురు కప్లరు కొని తెచ్చి తగిలించేవాడు. పీకిన రేడియోలను కాగితంలో చుట్టి, బండి నంబరు రాసి అటక మీద పెట్టేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్క రేడియో కూడా ఈల కారణంగా అటక దిగలేదు.

ఈ చెవి ఆయనకు పాకాలలో అబ్బింది. నాయన వెంకటముని రైల్వే గ్యాంగులో పనిచేసేవాడు. పట్టా మీద సుత్తితో కొట్టి, మోగే తీరును బట్టి ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేవాడు. ఆయన కొడుకు మునిశేఖర్ రేడియోలు బాగుచేసే మునిరామయ్య దగ్గర చేరి, గరగర వినగానే ఏ బల్బు పోయిందో చెప్పే స్థితికి వచ్చాడు. తరువాత తిరుపతి చేరాడు. ఏర్పేడు చర్చి వాళ్ల జీపులో మైకు సెట్టు ఈల వేస్తోందని దాన్ని తీసుకొచ్చిన బృందంలో స్టెల్లా ఉంది. చర్చిలో పాడే పిల్ల. ఈల పోయాక వెనక సీట్లో కూర్చుని ఒక పల్లవి పాడి చూసింది. మునిశేఖర్ పక్కకు జరిగి చోటిచ్చాడు. రెండిళ్ల వాళ్లూ ఏడాది పాటు తలుపులు మూసుకున్నారు గానీ, చివరికి పెళ్లయింది. షాపు వెనకే రెండు గదుల ఇల్లు.

ఇప్పుడాయనకు యాభై ఆరు. కొత్తగా వచ్చే కార్లలో ఆయనకు పనే లేదు. తెర డ్యాష్‌బోర్డులోనే పుట్టి పెరిగినట్టు ఉంటుంది. ఏసీ దానిలోనే, వెనక కెమెరా దానిలోనే, పీకితే బండే కదలదు. మిగిలినవి పాత బండ్లు, వాటిని వదలలేని పాత మనుషులు. నెలకు నాలుగైదు వస్తే ఎక్కువ. అయినా ఆయన దిగులు పడలేదు. బండ్లు తగ్గితే ఏం, పేరు ఉంది కదా అనుకున్నాడు. పేరు తిని బతకలేమని మనకు తెలుసు, ఆయనకు మాత్రం అదే కడుపు నింపేది.

రెండేళ్ల నుంచి ఊళ్లో జనం సరిగ్గా మాట్లాడటం మానేశారని ఆయన ఫిర్యాదు. "అందురూ గొణుగుతాండారు. నోట్లో ఏమన్నా పెట్టుకోనుండారా?" అని విసుక్కునేవాడు. ఫోను మోగినా ఎత్తడు. ఒక వానాకాలం స్టెల్లా ఒళ్లంతా దద్దుర్లతో, "ఈ దోమలు రాత్రంతా చెవుల్లో పాడతాండాయి అబ్బా" అంది.

"దోమలా? ఈ ఏడు తిరుపతిలో దోమలే ల్యావు గదా. మునిసిపాలిటీ వాళ్లు బాగా మందు కొడతాండారు" అన్నాడు మునిశేఖర్. ఆయన మోచేతుల మీదా దద్దుర్లు ఉన్నాయి.

స్టెల్లా అప్పుడు ఆయన వైపు చాలాసేపు చూసింది. మరునాడు, చెవుల డాక్టరుకు చూపించుకుందాం పద అంది. ఆయన మండిపడ్డాడు. "తిరుపతిలో చెవి అంటే నాదే. నన్ను చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మంటాండావా? ఊరు నవ్వుతాది" అన్నాడు. ఆ మాట మళ్లీ ఆమె ఎత్తలేదు. లావు శబ్దాలన్నీ ఆయనకు బాగానే వినపడేవి. లారీ హారను, ఇంజను రొద, డప్పు, మనిషి గొంతులో బరువు. సన్నవి ఒక్కొక్కటే, చెప్పకుండా వెళ్లిపోయాయి. పోయినదాని లోటు తెలియాలంటే ఉన్నట్టు గుర్తుండాలి. సన్నటి శబ్దం పోతే నిశ్శబ్దం అనుకుంటాం. మునిశేఖర్ కూడా అలాగే అనుకున్నాడు. ఎక్కడ విన్నా నిశ్శబ్దమే కనక, తన పనితనం ఇంకా పెరిగిందనుకున్నాడు పాపం.

ఈ మాఘంలో దేవనాథన్ స్వామి వచ్చాడు. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇప్పుడు ఇంటి దగ్గర పిల్లలకు పాశురాలు చెప్తాడు. పంతొమ్మిదేళ్ల తెల్ల కారు, అద్దంలో చూసుకోవచ్చు అన్నంత శుభ్రంగా ఉంచుకున్నాడు. శిష్యులు తమ పాఠం ఫోనులో రికార్డు చేసి పంపుతారట. కంపెనీ రేడియోకు ఫోను తగలదు. కారులో పోతూ పోతూ వాటిని విని తప్పులు దిద్దాలని ఆయన కోరిక. "ఒక్క దీర్ఘం పోయినా నాకు తెలియాల శేఖరా. అట్లా సెట్టు పెట్టు" అన్నాడు.

"మీ చెవికి నా చెవి పూచీ సామీ" అన్నాడు మునిశేఖర్.

మూడు గంటల పని. పాత రేడియో అటక ఎక్కింది. కొత్త సెట్టు నీలంగా వెలిగింది. స్టెల్లా కాఫీ తెచ్చి, బండి పక్కనే నిలబడింది. మునిశేఖర్ వెనక సీట్లో కూర్చుని ఇంజను తొక్కించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. చెయ్యెత్తాడు. "విను సామీ. ఏమన్నా ఉండాదా? ల్యా."

దేవనాథన్ స్వామి ఒక్క క్షణం ఆగి స్టెల్లా వైపు చూశాడు. "బాగుందప్పా" అన్నాడు. నిమ్మకాయ చితికింది. బండి వెళ్లిపోయింది.

రెండు రోజులకు మునిశేఖర్ క్లిప్పులు కొనడానికి రేణిగుంట వెళ్లాడు. స్టేషను దగ్గర బాలాజీ షాపు ఉంది. బాలాజీ ఆయన దగ్గరే పని నేర్చుకుని పదేళ్ల కిందట సొంతంగా పెట్టుకున్నవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పలకరించి పోదామని సందు తిరిగేసరికి, తెల్ల కారు. డ్యాష్‌బోర్డు విప్పి ఉంది. మ్యాటు ఎత్తి ఉంది. నిన్నగాక మొన్న తాను బిగించిన వైర్లు పేగుల్లా బయట వేలాడుతున్నాయి. పక్కన కుర్చీలో దేవనాథన్ స్వామి, తప్పు చేసిన బడిపిల్లవాడిలా లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా బాలాజీ, యాం చేస్తాండావు?"

"ఏమీ ల్యా అన్నా. సామి ఇట్లా పోతాంటే, ఊరికే, ఒక స్క్రూ వదులైంది అంటే..."

"స్క్రూ వదులైతే మ్యాటు ఎందుకు ఎత్తినావు?"

బాలాజీ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. అబద్ధం అతనికి చేతకాలేదు, ఆయన దగ్గరే పెరిగినవాడు కదా. "ఈల ఉండాదన్నా" అన్నాడు తల వంచుకుని.

"నా బండిలోనా?"

"ఔనన్నా. దీనికి ముందు పదకొండు బండ్లలో ఉండింది. ఏడాదిగా సరిచేసి పంపిస్తాండా. ఎవురికీ చెప్పల్యా. నీ పేరు చెడకూడదని. వదినే వాళ్లను నా దగ్గరికి పంపి, ఫోన్ చేసి చెప్తాది, ఫలానా బండి వస్తాది, సూడప్పా అని."

మునిశేఖర్ వెనక తలుపు తెరుచుకుని తన సీట్లో కూర్చున్నాడు. "తొక్కు" అన్నాడు. బాలాజీ ఇంజను వేశాడు. మునిశేఖర్ కళ్లు మూసుకున్నాడు. ఇంజను రొద వినపడింది. ప్లాట్‌ఫారం మీద పెట్టెలు మోసే తోపుడు బండి ఇనుప దడదడ వినపడింది. ఈల లేదు. ఎంత వెతికినా లేదు. కళ్లు తెరిచాడు. "ఇంకా తొక్కు" అన్నాడు. బాలాజీ తొక్కాడు. అప్పుడు చూశాడు. రొద లేచిన కొద్దీ బాలాజీ కనుబొమలు దగ్గరికి ముడుచుకున్నాయి. బయట నిలబడ్డ స్వామి చెంప, పంటి కింద ఇసుక పడినట్టు, ఒక పక్కకు లాక్కుపోయింది. కాలు తీయగానే ఇద్దరి ముఖాలూ వదులయ్యాయి. ముప్పై ఏళ్లు చెవితో పట్టిన ఈలను మునిశేఖర్ ఆరోజు ఎదుటివాళ్ల ముఖాల మీద చూశాడు.

పని నేర్చుకునే రోజుల్లో ఈ బాలాజీనే ఆయన తిట్టేవాడు, చెవిటివాడి ముందు శంఖమూదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట, అట్లుండాది నీ యవ్వారం అని. ఆ తిట్టు ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చి తన నెత్తిన కూర్చుంది. సిగ్గుతో భూమి చీలితే బాగుండును అనిపించింది.

"దీన్ని ముట్టుకోవద్దు. బండి నా దగ్గరికి తెస్తా. ఈల నేనే తీస్తా. రేపు సాయంత్రం రండి సామీ" అన్నాడు. స్వామి కాదనలేదు. బాలాజీ ఆయన్ని స్కూటరు మీద ఇంటి దగ్గర దింపుతానన్నాడు. మునిశేఖర్ వేలాడే వైర్లతోనే బండి నడుపుకుంటూ తిరుపతి చేరాడు.

స్టెల్లా బియ్యం ఏరుతోంది. తెల్ల కారు చూసి చాట పక్కన పెట్టింది. అడగక ముందే అర్థమైంది ఆమెకు.

"ఏడాది మే. ఏడాదిగా నాతో అబద్ధమాడినావు."

"ఆడినా" అంది స్టెల్లా. "యాం చేసేది? నీ చెవి పోయిందని చెప్తే నువ్వు మనిషిగా మిగులుతావా? అన్నం తింటావా? నాకు భయమేసింది. ఇంకో రెండేండ్లు గడిస్తే ఈ పాత బండ్లే ఉండవు, షాపు దానంతట అదే మూతపడతాది, నీకు తెలీకుండానే అయిపోతాది అనుకున్న్యా."

ఆమె ఏడ్చింది. ఆయనకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. కోపం వస్తే ఎంతో మేలు, మనిషి దాన్ని పట్టుకుని నిలబడగలడు. ఆయనకు వచ్చింది భయం. ఈ ఏడాదిలో ఎంతమంది "బాగుందప్పా" అన్నారో, వాళ్లలో ఎంతమంది స్టెల్లా వైపు చూశారో ఒక్కొక్కరూ గుర్తుకొచ్చారు.

"రేపు నువ్వు నా సీట్లో కూర్చో" అన్నాడు చివరికి. "నువ్వు విను. నేను వెతుకుతా. ఈసారి అబద్ధం చెప్పొద్దు. నీ దేవుని తోడు."

"చెప్పను" అంది స్టెల్లా.

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టారు. వెనక సీట్లో స్టెల్లా, స్టీరింగు కింద తల దూర్చి మునిశేఖర్. చేత్తోనే యాక్సిలరేటర్ నొక్కుతాడు, తల పైకెత్తి అద్దంలో ఆమెను చూస్తాడు. ఈల ఉంటే ఆమె చెయ్యెత్తాలి. ఎత్తింది. ఎర్తు విప్పి, కొత్తచోట ఇనుము తెల్లబడేదాకా రుద్ది బిగించాడు. చెయ్యెత్తింది. కరెంటు వైరును కుడి పక్కనుంచి పారించాడు. చెయ్యెత్తింది.

"తగ్గిందా?"

"కొంచెం తగ్గింది."

"యా పక్క నుంచి వస్తాండాది? ముందు నుంచా, కాళ్ల కింద నుంచా?"

"ఏమో అబ్బా. బండంతా వినపడతాది."

అక్కడే ఆయన చేతులు ఆగిపోయాయి. ఉందో లేదో ఎవరైనా చెప్పగలరు. ఎక్కడుందో చెప్పడమే ఆయన విద్య. అది ఆమెకు రాదు, ఇక ఆయనకూ రాదు. అయినా వదల్లేదు. తెలిసిన మందులన్నీ వేశాడు. పాట వైర్లు మార్చాడు, ఈలను మింగే ఫిల్టరు ఒకటి తెచ్చి మధ్యలో పెట్టాడు, ఫ్యూజు దగ్గరి తుప్పు గీకాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు. వీపు పట్టేసింది. మూడు గంటలప్పుడు, ఎన్నోసారో లెక్క లేదు, యాక్సిలరేటర్ నొక్కి అద్దంలోకి చూశాడు. స్టెల్లా చెయ్యెత్తలేదు.

"పోయింది" అంది.

"నిజమా?"

"నిజం అబ్బా. పోయింది."

ఆయన గుండె ఒక్కసారి ఎగిసింది. ఆమె పెదాలు బిగించి నవ్వుతోంది. ఎగిసిన గుండె అక్కడే ఆగింది. ఏడాదిగా ప్రతి బండి పక్కనా కాఫీ గ్లాసుతో నిలబడి ఆమె నవ్వింది ఇలాగే. అలసిన భర్త మీద జాలితో నవ్వుతోందా, నిజంగానే ఈల పోయిందా? పన్నెండు సార్లు పసిగట్టలేని వాడు పదమూడోసారి ఎలా పసిగడతాడు?

నాలుగింటికి దేవనాథన్ స్వామి, బాలాజీ వచ్చారు. స్వామి స్టీరింగు ముందు, బాలాజీ పక్కన, స్టెల్లా వెనక కూర్చున్నారు. మునిశేఖర్ బయట, ముగ్గురి ముఖాలూ కనపడేలా నిలబడ్డాడు. "తొక్కండి సామీ." స్వామి మూడుసార్లు తొక్కాడు. కనుబొమ ముడవలేదు. చెంప కదల్లేదు. ముగ్గురూ ఫోటోకు కూర్చున్నట్టు కూర్చున్నారు. నిన్న ఆయన చూస్తున్నాడని ఆ ముఖాలకు తెలియదు. ఈరోజు తెలుసు.

"బాగుంది శేఖరా" అన్నాడు స్వామి.

"సుద్దంగా ఉండాదన్నా" అన్నాడు బాలాజీ.

ముగ్గురూ మంచివాళ్లే. ఆయనకు చెడు కోరిన వాళ్లు ఒక్కరు లేరు. అందుకే నిజం చెప్పే నోరు ఒక్కటీ లేకుండా పోయింది. మునిశేఖర్ నెమ్మదిగా అన్నాడు, "ఎందుకో నాకు మనసొప్పడం ల్యా సామీ. ఈ సెట్టు తీసేసి, మీ కంపెనీ రేడియోనే పెట్టేస్తా. యామంటారు?"

అని, ఆగాడు. ఈల నిజంగా పోయి ఉంటే ఈ సెట్టును తీయనిస్తారా? శిష్యుల పాఠాలు వినాలని మోజుపడి చేయించుకున్న మనిషి, వద్దప్పా, బంగారంలా ఉంది, ఉండనీ అని అడ్డుపడడా? పొద్దుటి నుంచి పక్కనే కూర్చున్న స్టెల్లా, ఇంత కష్టపడి తీసేస్తావా అని అరవదా? ఒక్కరు వద్దంటే చాలు. ఆ ఒక్క మాట కోసం మునిశేఖర్ ఏ దేవుడికీ మొక్కనంతగా మొక్కుకున్నాడు. ముగ్గురి నోళ్ల వైపూ మార్చి మార్చి చూశాడు.

బాలాజీ నేల చూపులు చూశాడు. స్టెల్లా పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపటికి దేవనాథన్ స్వామి, స్టీరింగు మీద చెయ్యి నిమురుతూ, "నీ ఇష్టం శేఖరా" అన్నాడు.

మునిశేఖర్ అటక ఎక్కాడు. తెల్ల కారు నంబరు రాసిన కాగితం విప్పాడు. ముప్పై ఏళ్లలో ఈల కారణంగా అటక దిగిన మొదటి రేడియో అది. తక్కిన వాటిలో ఇంకా పదకొండు దిగవలసి ఉంది. సాయం చేయడానికి బాలాజీ ముందుకొస్తే చేత్తోనే వద్దన్నాడు. నీలం సెట్టు పీకి, ఎదురు కప్లరు విప్పి, పాత రేడియోను పాత కప్లరుకు తగిలించి నొక్కాడు. అది కూర్చున్నట్టు వేళ్లకు తెలిసింది. టక్కుమందో లేదో తెలియలేదు.

స్వామి రేడియో పెట్టాడు. ఎవరో లావు గొంతుతో వార్తలు చదువుతున్నారు. మునిశేఖర్ వెనక సీట్లోకి ఎక్కలేదు. ఇంజను తొక్కమనలేదు, చెయ్యెత్తలేదు, విను సామీ అనలేదు. ముందు చక్రం కింద నిమ్మకాయ మాత్రం పెట్టి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.